దిగువింటికి వెళ్లిన స్తూపం

మా అత్తగారి మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. నేను కాచిన ఉప్పు టీని గుర్రానికి పట్టమంటారు. నేను కాల్చిన రొట్టెలతో పిట్టగోడ కట్టుకోవచ్చంటారు. జమ్మూలో హాస్టల్ తిండి తిని సంపాదించుకున్న నా బి.ఏ. డిగ్రీని "ఆ కాగితం" అంటారు. ఇవన్నీ ఏ ఇంట్లోనైనా ఉండేవే. కానీ ఇల్లు నాకు అప్పగించి వెళ్తూ వెళ్తూ బుద్ధుడి మనసును వీపున కట్టుకుని దిగువింటికి పట్టుకుపోయారు చూడండి, అది మాత్రం కాస్త ఎక్కువే అనిపించింది.

మాలో పెద్దకొడుకు సంసారం కుదురుకున్నాక పెద్దవాళ్లు పెద్దింటిని కొడుకూ కోడళ్ల చేతుల్లో పెట్టి దిగువింట్లోకి మారతారు. ఇందులో ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టేదేమీ లేదు. దిగువిల్లంటే మా బార్లీ చేను గట్టు దిగితే వచ్చే రెండు గదులు. అక్కడ పిల్లి తుమ్మితే ఇక్కడ వినపడుతుంది. మా అత్తగారూ ఒకప్పుడు కోడలిగా వచ్చి, తన వంతు వచ్చినప్పుడు ఇలాగే ఇల్లు అందుకున్నవారే. ఆ ఏడాది విత్తనాలకు ముందు, కాలవలో మంచు ఇంకా పలకలు పలకలుగా ఉండగానే, జ్యోతిషుడు మంచిరోజు చూసి చెప్పాడు.

ఆ రోజు ఆవిడ ఎంత పద్ధతిగా అప్పగింతలు పెట్టారంటే నాకే కళ్లు చెమర్చాయి. కొట్టుగది తాళాలగుత్తి తన నడుము నుంచి విప్పి నా నడుముకు కట్టారు. పిండి కొలిచే చెక్కగిన్నె చేతికిచ్చారు. చివరికి ఇనుప పొయ్యి మీద అరచెయ్యి ఆనించి, "ఇక దీని పొగ నీది" అన్నారు. తర్వాత శాలువా వీపున బిగించి కట్టుకుని, ఒక్కసారైనా వెనక్కి తిరక్కుండా గట్టు దిగిపోయారు. శాలువా కింద ఏదో ఎత్తుగా కనబడింది. దిండేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నీళ్ల చెంబుతో పూజగదిలోకి వెళ్లాక తెలిసింది, అది దిండు కాదని.

పూజగది పెద్దింటిది. అది అత్తదీ కాదు, కోడలిదీ కాదు, ఇంటిది. మధ్యలో బుద్ధుడి విగ్రహం, అది ఆయన దేహం. ఆయన కుడిచేతి వైపు పసుప్పచ్చ బట్టలో చుట్టిన గ్రంథం, అది ఆయన వాక్కు. ఎడమచేతి వైపు జానా బెత్తెడు ఎత్తున్న ఇత్తడి స్తూపం, అది ఆయన మనసు. మూడూ ఉంటేనే ఆయన ఇంట్లో ఉన్నట్టు. ఆ పొద్దున దేహం ఉంది, వాక్కు ఉంది. మనసు ఉండాల్సిన చోట, తరతరాల వెన్నదీపాల మసి అంటని శుభ్రమైన చదరం ఒకటి మిగిలి ఉంది.

మా ఆయన జిగ్మెత్‌ను పిలిచి చూపించాను.

"అమ్మ మరిచిపోయి తీసుకెళ్లి ఉంటుంది" అన్నాడు.

"అంత ఇత్తడిని మరిచిపోయి తీసుకెళ్తారా ఎవరైనా?"

"నీకు తెలీదు. మా అమ్మ మరిచిపోవడంలో కూడా గట్టిది" అని, ఆ ముక్క చెప్పినందుకే అలిసిపోయినట్టు జోలకు, అంటే మా యాక్ సంకరం ఎడ్లకు, మేత వెయ్యడానికి వెళ్లిపోయాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య ఏదన్నా వస్తే మా ఆయనకు పశువుల మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొస్తుంది.

నేనే గట్టు దిగాను. దిగువింటి గుమ్మం బాగా పొట్టిది, నడుం దాకా వంగితే గానీ లోపలికి పోలేం. అత్తగారు కిటికీ పక్కన కూచుని ఉన్ని దారం తీస్తున్నారు. మామగారు మూలన జపచక్రం తిప్పుకుంటున్నారు. కిటికీ పక్క పలక మీద, చుట్టూ బుద్ధుడూ లేక, గ్రంథమూ లేక, ఒంటరిగా నిలబడి ఉంది మా మనసు. దాని మీద తెల్ల పట్టు కండువా. స్తూపానికి కండువా వేస్తే మెడలో దండలా వేస్తారు. ఆవిడ శిఖరం నుంచి పీఠం దాకా ముసుగేశారు.

"ఆమాలే, పూజగదిలో ఒక చోటు ఖాళీగా ఉంది" అన్నాను.

"ఉంటే తుడువు."

"తుడిచాను. అయినా ఖాళీగానే ఉంది."

కదురు ఆగింది. "అది మా పుట్టింటిది. పెళ్లిలో మా నాన్న ఇచ్చాడు. ఆడదాని పుట్టింటి సొమ్ము ఆడదానితోనే పోతుంది. నీ కాగితంలో రాయలేదా ఆ మాట?"

నేను మామగారి వైపు తిరిగాను. "ఆబాలే, నిజమేనా?"

"ఆఁ?" అన్నారాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "ఏంటమ్మా?"

మా మామగారికి చెవుడుంది. కాకపోతే అది సర్కారీ ఉద్యోగిలా వేళలు పాటిస్తుంది. పక్క చేలో టీ చిలుకుతున్న చప్పుడైతే వినపడుతుంది. సాక్ష్యం చెప్పాల్సిన చోట వినపడదు.

"ఇల్లిచ్చాను, తాళాలిచ్చాను, పొయ్యి ఇచ్చాను" అన్నారు అత్తగారు, మళ్లీ కదురు తిప్పుతూ. "మనసు కూడా ఇమ్మంటావుటే?"

తల వంచుకుని, గుమ్మం దాటి, గట్టెక్కి వచ్చేశాను.

విత్తనాలు పడ్డాయి. కాలవ నీళ్ల వంతులు మొదలయ్యాయి. నేను రోజూ పొద్దున్నే గిన్నెకూ గిన్నెకూ మధ్య బార్లీ గింజంత ఎడం ఉంచి ఏడు గిన్నెల్లో నీళ్లు నింపుతూనే ఉన్నాను. పొద్దు వాలకముందే వాటిని వంచి బోర్లిస్తూనే ఉన్నాను. ఆ ఖాళీ చదరం నన్ను చూస్తూనే ఉంది. ఊళ్లో ఇలాంటివి దాగవు. మా పక్కింటి డోల్కర్, మాతో పాటు ఒకే ఇలవేల్పును కొలిచే ఇంటి ఇల్లాలు, కాలవ దగ్గర పార ఆనుకుని నిలబడి అడిగేసింది.

"ఏమ్మా కుంజెస్, మీ ఇంట్లో దేహం ఉందిట, మాట ఉందిట, మనసే లేదటగా?"

"ఎవరన్నారు ఆచేలే?"

"ఎవరో ఒకరు అంటారులే. బెంగ పెట్టుకోకు. మా ఆయనా అంతే. పెళ్లైనప్పటి నుంచీ చూస్తున్నా, ఆ మూడోదే లేదు. సంసారం నడవట్లా?"

అందరం నవ్వాం. నవ్వుతూనే నూర్పిళ్లకు ఇంకెన్ని నెలలుందో వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ఏటా నూర్పిళ్లయ్యాక గొంపా మఠం నుంచి భిక్షువు వచ్చి ఇంటింటా గ్రంథం చదివి వెళ్తారు. ఆ రోజు మా ఇలవేల్పు ఇళ్లవాళ్లందరూ ఒక ఇంట్లో చేరతారు. ఆ ఏడు వంతు మాది. పెద్దింటి ఇల్లాలిగా నేను చేసే మొదటి పూజ. అందరూ వస్తారు, పూజగదిలో కూచుంటారు, ఆ చదరాన్ని చూస్తారు. మొహం మీద ఎవరూ ఏమీ అనరు. మాకు అంత మొరటుతనం లేదు. టీ తాగి, బాగుందని చెప్పి, ఇంటికెళ్లే దారిలో మా అత్తగారి పేరెత్తి తేల్చుకుంటారు: చుస్కిత్ కోడలికి గోడలిచ్చింది గానీ ఇల్లివ్వలేదు, నమ్మకం కుదరలేదు పాపం. ఒకసారి పడ్డ ఆ మాట, నేను దిగువింటికి వెళ్లే వయసు దాకా నా వెంటే నడుస్తుంది.

ఖుబానీలు పండే రోజుల్లో మా వైపు వాన పడకూడదు. ఆ ఏడు పడింది. ఎండకని డాబా మీద పరిచిన పళ్లు పరిచినట్టే నల్లబడ్డాయి. అదే వారంలో పాలిచ్చే జోమో ఆవు రాళ్లలో జారి కుంటిదైంది. మామగారికి మోకాలు వాచింది. నేను డాబా మీద కూచుని పనికొచ్చే పళ్లు ఏరుతుంటే అత్తగారు నిచ్చెనెక్కి వచ్చారు. నేను వీపు బిగించుకున్నాను. తిట్లు పడేముందు మంచి కోడలు అలాగే చేస్తుంది.

ఆవిడ ఒక నల్లటి పండు తీసి వేళ్లతో నలిపారు. "నీ తప్పు కాదులే" అన్నారు.

నేను కంగారుపడ్డాను. "ఆమాలే, ఒంట్లో బావుందా?"

"బావుంది."

"పళ్లను ముందే లోపలికి తియ్యాల్సింది. నేను మబ్బు చూసుకోలేదు."

"కాదని చెప్పానుగా. కొన్నిటికి కోడళ్లు కారణం కాదు." అనేసి నిచ్చెన దిగిపోయారు. ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను, మీ అమ్మ నన్ను తిట్టలేదు, లేహ్‌కు తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి అని. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కొత్త బార్లీ కొంచెం ముందుగా కోసి, వేయించి, విసిరిన రోజున ఇల్లంతా పేలపిండి వాసన. ఆ వాసనకు నాకు చిన్నప్పటి నుంచీ చేతులు ఊరికే ఉండవు. ఒక ముద్ద పిండిలో వెన్న వేసి పిసుకుతూ పిసుకుతూ ఉంటే బుర్రలోకి కొంటెతనం దూరింది. పూజకు పిండితో నైవేద్యాలు ఎలాగూ చేస్తాం. మనసును చేస్తే ఎవరు కాదంటారు?

కింద చదరం, అది నేల. దాని మీద బోర్లించిన గిన్నెలాంటి గుండ్రం, అది నీళ్లు. దాని మీద సన్నబడుతూ పోయే శిఖరం, అది నిప్పు. పైన నెలవంక, అది గాలి. నెలవంకలో సూర్యుడు, దాని కొసన చిన్న బొట్టు, అది ఆకాశం. ఇది నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి చలికాలం, దీపం కుందులు తోముతూ అత్తగారే చెప్పారు. "మనం పోయేటప్పుడు ఈ వరసలోనే కరుగుతామే. ముందు ఒంట్లో నేల నీళ్లలోకి పోతుంది, నీళ్లు నిప్పులోకి, నిప్పు గాలిలోకి, గాలి ఆకాశంలోకి. స్తూపం అంటే అదే, దారి. రోజూ ఓసారి చూసుకుంటే, ఆ రోజు వచ్చినప్పుడు తెలిసిన దారిలో నడిచినట్టుంటుంది." అప్పట్లో ఆవిడ నాతో మాట్లాడిన అతి పెద్ద మాట అదే. ఆ తర్వాతి మాట, కుందు సరిగ్గా తోమలేదని.

నా పిండిస్తూపాన్ని ఖాళీ చదరంలో పెట్టాను. కాస్త ఎడమకు ఒరిగింది. అయినా చూపు ఆనడానికి ఏదో ఒకటి ఉందనిపించింది.

మర్నాడు పొద్దున్నే టీకని వచ్చారు మామగారు. అత్తగారు పెట్టే టీ ఆయనకు సయించదని మా ఇద్దరికీ తెలుసు, ఆవిడ పేరు మాత్రం ఎత్తుకోం. తాగేముందు పూజగదిలోకి దండం పెట్టుకోవడానికి వెళ్లిన మనిషి గబగబా బయటికొచ్చారు.

"అమ్మాయ్, గాలీ ఆకాశం ఎలక తినేసింది!"

వెళ్లి చూస్తే నిజమే. నెలవంక లేదు, సూర్యుడు లేడు, నిప్పు సగం కొరికేసి ఉంది. నాకు నవ్వాగలేదు. మామగారూ భుజాలు కదిలేలా నవ్వారు. తర్వాత చెవిటిమనిషి తిన్నగా వెళ్లి ఊసంతా పెళ్లాం చెవిన వేసొచ్చారు.

అత్తగారు గాలిలా వచ్చారు. ఇల్లు మారాక ఆవిడ పూజగదిలో అడుగుపెట్టడం అదే మొదలు. పిండిస్తూపం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఎవరు చేశారిది?"

"నేనే."

"మెట్లేవి?"

"ఏ మెట్లు?"

"నేలకీ నీళ్లకీ మధ్య మెట్లు ఉండవుటే? నేల మీంచి నీళ్లలోకి ఎగిరి దూకుతావా? తే, పిండి తే."

తెచ్చాను. ఆవిడ నేల మీద చతికిలబడి, చేతులకు వెన్న రాసుకుని, నా పనంతా విప్పేసి మళ్లీ మొదలుపెట్టారు. ఆ వేళ్లు ఎంత తేలిగ్గా కదిలాయో! మెట్టు మీద మెట్టు, బొటనవేలితో అంచు నొక్కి, చిటికెనవేలితో మూల తీర్చి. నేను శిఖరానికి పిండి పామి ఇస్తుంటే చక్రం మీద చక్రం పేర్చారు. అంతసేపూ ఒక్క తిట్టూ పడలేదు.

నెలవంక అతికిస్తూ అడిగారు, నా వైపు చూడకుండా. "లోపలేం పెట్టావు?"

"లోపలా? ఏం లేదు, ఆమాలే. అంతా పిండే."

ఆవిడ చేతులు ఆగాయి. "నయం" అన్నారు. "చెదిరేదేమీ లేదు."

స్తూపాన్ని రెండు చేతుల్తో ఎత్తి చదరంలో నిలబెట్టారు. దండం పెట్టుకోలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర పక్కకు తిరిగి, వీపు గోడకు చేరేసుకుని, పీతలా దాటారు. మా గుమ్మం ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది. ఒంటెను కూడా తోలొచ్చు. ఇదేం నడకా అనుకున్నాను గాని, పొయ్యి మీద పాలు పొంగాయి, మరిచిపోయాను.

రాత్రుళ్లు ఎలకకు అందకుండా పిండిస్తూపం మీద బుట్ట బోర్లించేదాన్ని. కోతలయ్యాయి. కళ్లంలో జోలు గుండ్రంగా తిరిగి నూర్చాయి. గాలి మంచిదై పొట్టంతా ఎగిరి గింజ నిలిచింది. పంటకు మాత్రం వంక లేదు. భిక్షువు వచ్చే రోజు రానే వచ్చింది.

ఆయన్ను మేమంతా మేనమామ వరసలో అజంగ్‌లే అంటాం. కళ్లజోడు కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్న పెద్దాయన. మా ఆయన గుర్రం మీద ఎక్కించుకొచ్చాడు. మా ఇలవేల్పు ఇళ్లవాళ్లు వచ్చి గోడ వారన కూచున్నారు. డోల్కర్ సరిగ్గా ఆ చదరం ఎదురుగా, సినిమాకు ముందే వచ్చినవాళ్లలా, మంచి చోటు పట్టింది. అత్తగారు తలుపు పక్కన ఆఖర్న కూచున్నారు. ఈ ఇంట్లో ఆవిడ ఎప్పుడూ ఆఖర్న కూచోలేదు.

అజంగ్‌లే ఆసనం మీద సర్దుకుని, పీఠం వైపు చూసి, కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఇది పిండా?"

"అవునండీ" అన్నాను.

"వెన్న కాస్త ఎక్కువైంది. పని బాగుంది. ఇత్తడిది ఏదీ?"

నేను నేల చూశాను. మా ఆయన గొంతు సవరించుకుని, "మెరుగు పెట్టడానికి లేహ్‌లో..." అని మొదలుపెట్టి, అబద్ధం ఆ గదిలో ఆడకూడదని గుర్తొచ్చి, మధ్యలోనే దగ్గేశాడు.

"పుంచోగ్, నువ్వు చెప్పు" అన్నారు అజంగ్‌లే.

"ఆఁ?" అన్నారు మామగారు.

అప్పుడు అత్తగారు లేచి బయటికి వెళ్లిపోయారు. అంతే, కోపమొచ్చిందనుకున్నాం. డోల్కర్ నా మోచేతిని మెల్లగా నొక్కింది, జాలితోనే. నేను టీ పొయ్యడానికి లేచాను. ఏం చెయ్యాలో తెలీనప్పుడు మేం టీ పోస్తాం.

రెండో చుట్టు పోస్తుండగా ఆవిడ తిరిగొచ్చారు. ఈసారి వీపున కాదు. రెండు చేతుల మీద, పసిపిల్లను తెచ్చినట్టు, కండువాతో సహా స్తూపాన్ని ఎత్తుకుని. గుమ్మం దగ్గర అదే నడక, పక్కకు తిరిగి, వంగకుండా. పీఠం మీద పెడతారనుకున్నాను. తిన్నగా అజంగ్‌లే ముందు, నేల మీద పరిచిన తివాచీపై పెట్టారు.

"పడిందా?" అన్నారాయన.

"తగిలింది. దిగువింటి గుమ్మానికి. అది పొట్టి గుమ్మం కదా, తల వంచాను. తల వంచితే వీపు లేస్తుందని తోచలేదు. వీపున ఇది ఉంది." ఆవిడ గొంతు పిండి విసురుతున్నప్పటిలా గరగరలాడింది. "అడుగు రేకు ఊడిపోయింది. లోపలివన్నీ మంచులో పడ్డాయి. మంత్రాల చుట్టలు, గింజలు, ప్రాణకర్ర, అన్నీ. ఏరుకున్నాను. గింజలు కొన్ని పిచ్చుకలు ఎత్తుకుపోయాయి. మళ్లీ లోపల పెట్టి రేకు నొక్కేశాను."

"కర్ర ఎటు పెట్టావు?"

"అదే తెలీదు, అజంగ్‌లే."

గోడ వారన ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. స్తూపం మధ్యలో నిలబెట్టే ఆ కర్ర, చెట్టుగా ఉన్నప్పుడు ఎలా నిలబడిందో అలాగే నిలబడాలి. వేరు వైపుది కిందికి, చిగురు వైపుది పైకి. అది తిరగబడితే ఆ ఇంటి రాతే తిరగబడుతుందంటారు మా పెద్దవాళ్లు.

"తెచ్చి ఇద్దామంటే పగలగొట్టానని చెప్పాలి. చెప్పకుండా ఉంచుకుంటే దండం పెట్టుకోలేను. తలకిందులుగా నిలబెట్టిన మనసుకు ఏమని దండం పెట్టను? ముసుగేసి కూచున్నాను. వాన పడింది. ఖుబానీలు పోయాయి. జోమో కాలు పోయింది. ఈయన మోకాలు..." ఆవిడ ఆగి, నా వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. డాబా మీద ఆ రోజు నలిపిన నల్లటి పండు నాకు గుర్తొచ్చింది.

అజంగ్‌లే స్తూపాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, కత్తి మొనతో రేకు లేపారు. చుట్టలు నలిగి, తడిసి ఆరిన గుర్తులతో బయటికొచ్చాయి. వాటి మధ్య నుంచి వేలెడు పొడుగు దేవదారు కర్రను మెల్లగా లాగారు. ఎటు నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకుని, కిటికీ వెలుగులో పట్టుకుని, కణుపులు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఆయన చూసినంతసేపూ మా అత్తగారు ఒడిలో చేతులు బిగించుకునే ఉన్నారు.

"చుస్కిత్" అన్నారాయన. "కర్ర నిటారుగానే ఉంది. వేసవంతా తలకిందులుగా ఉన్నది నువ్వే."

ముందు డోల్కర్ నవ్వింది. తర్వాత గోడ వారనంతా నవ్వు పాకింది. అత్తగారు నవ్వారో ఏడ్చారో నాకు సరిగ్గా తెలీదు. కండువా కొస మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"అయినా రేకు ఊడాక అలాగే పెట్టకూడదు" అన్నారు అజంగ్‌లే. "చుట్టలు నా సంచిలో ఉన్నాయి, కొత్తవి పెడతాను. మళ్లీ ప్రతిష్ఠ చేద్దాం. గింజలు కావాలి. ఈ ఇంటివి, కొత్త పంటవి."

అత్తగారు ఠక్కున లేచారు. లేస్తూనే చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది, తాళాలగుత్తి కోసం. చెయ్యి అక్కడ తడుముకుని, ఏమీ దొరక్క, ఒక్క క్షణం అలాగే ఆగిపోయింది. తర్వాత పక్కకు జారింది.

"నామా తెస్తుంది" అన్నారు, మెల్లగా కూచుంటూ. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను నలుగురిలో నామా, అంటే కోడలు, అని పిలవడం అదే మొదలు. అంతకుముందు "ఏమే", "ఇదిగో", "ఆ కాగితం".

కొట్టుగది తాళం తీసి, పిండి కొలిచే ఆ చెక్కగిన్నెతోనే గింజలు తెచ్చాను. ఆవిడ ముందు పెట్టాను. "మీరు పొయ్యండి, ఆమాలే."

"నువ్వే పొయ్యి. పొయ్యి ఎవరిదైతే గింజలు వాళ్లవి."

"చెరి కాసిని పోద్దాం."

"సరిగ్గా పొయ్యి మరి. కింద పొయ్యకు" అన్నారు. పోసేటప్పుడు నా మణికట్టు కింద తన అరచెయ్యి పట్టారు, నమ్మకం లేకో, తోడుకో. నాకు రెండూ ఒకటే అనిపించాయి.

ప్రతిష్ఠ అయ్యేసరికి ఎండ గోడ ఎక్కింది. పిండిస్తూపాన్ని తీసి పెరట్లో రాతి మీద పెట్టమన్నారు అజంగ్‌లే. "పిచ్చుకలు అప్పుడు గింజలే తిన్నాయి. ఇప్పుడు వెన్నా తింటాయి" అన్నారు. ఇత్తడి స్తూపం మసి అంటని తన చదరంలోకి, ఎప్పుడూ కదలనట్టే, కూచుంది. అందరూ ఒకరి తర్వాత ఒకరు సాష్టాంగపడ్డారు. అత్తగారు ఆఖర్న పడ్డారు. అందరికంటే ఎక్కువసేపు లేవలేదు.

తర్వాత టీ, పేలపిండి, మిగిలిన మంచి ఖుబానీలు. డోల్కర్ పండు గింజ ఉమ్మేసి, నోరు తుడుచుకుని, ఆ ఇంట్లో అందరూ మనసులో అనుకుంటున్నదాన్ని తేనెలో ముంచి బయటికి తీసింది.

"అయితే అత్తా, మీ నాన్నగారు పెళ్లిలో ఇచ్చిన స్తూపం ఇక కోడలి దగ్గరే ఉంచేస్తారన్నమాట. ఎంత పెద్ద మనసు!"

అత్తగారు టీ గిన్నెలోకి చూశారు. ఇంకో రోజైతే డోల్కర్ ఆ మాటకు తన ఏడు తరాల గురించీ వినాల్సి వచ్చేది.

"మా నాన్న ఇవ్వలేదు" అన్నారు. "మా అత్తది. ఆవిడ దిగువింటికి వెళ్లిన రోజు అన్నీ ఇచ్చి, ఉత్త చేతుల్తో వెళ్లింది. ఈ గుమ్మంలో నిలబడి, నా చేతులు పట్టుకుని దాని మీద పెట్టించింది. నేను అలా వెళ్లలేకపోయాను." గిన్నె పక్కన పెట్టారు. తర్వాతి మాట దాదాపు టీ ఆవిరికే చెప్పారు. "నాదే తప్పు."

మామగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, బాగా ముందుకు వంగారు. అంతకు కాసేపటి క్రితమే, నేను వంటింట్లో డబ్బాలోంచి ఆఖరి వెన్న గీకుతుంటే, "కాస్త ఎక్కువే వెయ్యమ్మా" అని పూజగదిలోంచి కేకేసిన మనిషి.

"ఆఁ? ఏమన్నావు?"

అత్తగారు ఆయన వైపు చూశారు. నా వైపు చూశారు. నేను టీ కెటిల్ మీద మూత ఎంతో శ్రద్ధగా సర్దుకుంటున్నాను. ఆవిడ ఊపిరి తీసుకుని, దిగువ చేలలో గడ్డి కోస్తున్నవాళ్లు కూడా తలలెత్తేలా అరిచారు.

"నాదే తప్పు అన్నాను!"